ఇరవై మూడో ఫ్రేమ్‌లో పొలం

అక్టోబర్ 14, మంగళవారం

లేదు, ఆ పొలం నేను ఊహించి గీయలేదు. నాకు ఊహించడం రాదు. చూసిందే గీస్తాను. మా ఇంటి వెనక గోడ ఎక్కితే కనిపించేది అదే. రెండు తాటిచెట్లు, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, జానకమ్మ పెద్దమ్మ మోటారు కొట్టం, చుట్టూ ఆమె వరి. అమ్మాయి వరి మధ్యలోంచి పరుగెత్తాలి అని కథలో ఉంది. అందుకే అక్కడ గట్టు మీద పరుగెత్తించాను.

ఇది నన్ను ఎవరూ అడగలేదు. అయినా ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికో తెలియక నా వాట్సాప్ నంబర్‌కి నేనే పంపుకుంటున్నాను.

సుమంత్ అన్నకు సూర్యాపేటలో ఫొటో స్టూడియో ఉంది. పోయిన ఎండాకాలం పాలకీడు దగ్గర మా ఊరికి పెళ్లి వీడియో తీయడానికి వచ్చాడు. నేను టెంట్ వెనక కూర్చుని అట్టముక్క మీద వంటవాళ్లను గీస్తుంటే చూశాడు. ఎంతవరకు చదివినవ్ అన్నాడు. ఎనిమిది అన్నాను. మంచిదాయె, ఇంకా చదివితే ఈ చెయ్యి ఖరాబైతుండె అన్నాడు. అప్పటి నుంచి ఆయన నన్ను ఆర్టిస్ట్ అంటాడు. నా పేరు కాశీరాం.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఏదో పోటీకి షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాడు. నవంబర్ పది లాస్ట్ డేట్. ఉద్యోగం వచ్చిన అమ్మాయి బస్సు దిగి, నాన్నకు చెప్పడానికి పొలాల మీదుగా పరుగెత్తుకుంటూ వస్తుంది. అంతే కథ. కాగితాన్ని ఆరు గళ్లు చేసి గడికి ఒక షాట్ గీశాను. మొత్తం ముప్పై ఒక్క ఫ్రేములు. దీన్ని స్టోరీబోర్డ్ అంటారు.

వరి ఇరవై మూడో ఫ్రేమ్.


అక్టోబర్ 16, గురువారం

సూర్యాపేట పోయాను. స్టూడియోలో గోడ నిండా నా బొమ్మలు. గడులు కత్తిరించి వరసగా టేప్‌తో అంటించాడు. తీసిన షాట్ మీద ఎర్ర పెన్నుతో టిక్ పెడతాడట. బొమ్మల ఏముంటే కెమెరాల గదే ఉండాలె, ఇంచు గూడ తేడా రావద్దు అన్నాడు. నా బొమ్మల గురించి అట్లా ఎవరూ మాట్లాడలేదు. కింద చూస్తూ నిలబడ్డాను.

యోగేష్ అన్న కూడా ఉన్నాడు. ఆయనది కోదాడ. డ్రోన్ ఆయనదే. ఇరవై మూడు దగ్గర ఆగి, ఈ లొకేషన్ ఎక్కడ దొరుకుతుందిరా బాబూ, గ్రాఫిక్స్ చేయించాలేమో అన్నాడు. ఉంది అన్నాను. ఆ ఒక్క మాటే వచ్చింది. సుమంత్ అన్న కుర్చీలోంచి లేచాడు. ఉందా? గీ తాటిచెట్లు, గీ కొట్టం, అన్నీ ఉన్నయా? ఇగ ఖతం, అక్కడే తీస్తున్నం అన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన డ్రోన్ ఎగరేస్తే నా డ్రోన్‌కు దినం పెట్టుకోవాలి అన్నాడు యోగేష్ అన్న. దూరంగ నిలబడి ఎగరెయ్యరాదు, ఏడుస్తవేంది అన్నాడు సుమంత్ అన్న.

షూటింగ్ ఇరవై మూడో తారీఖు. అప్పటిదాక కొయ్యొద్దని ఆ రైతుకు చెప్పు అన్నాడు.

నేను తలూపాను.


అక్టోబర్ 17

చెప్పలేదు.


అక్టోబర్ 18, శనివారం

మా ఊరికి కోత మిషన్ ఒక్కటే వస్తుంది. నాగేందర్ బావ తెప్పిస్తాడు. వంతులు కాలువ వరసలో ఉంటాయి. పై మడి కోస్తేనే కింది మడికి మిషన్ దిగడానికి దారి. అట్లా దిగుకుంటూ చివరి మడి దాకా పోవాలి. మధ్యలో వెనక్కి రాదు. వంతు తప్పినవాళ్లు అది చివరిదాకా పోయి తిరిగొచ్చే వరకు ఆగాలి. పది రోజులు పట్టొచ్చు.

జానకమ్మ పెద్దమ్మ వంతు ఇరవై ఒకటిన.

పొద్దున్నే పోయాను. వాకిట్లో కూర్చుని పాత పట్టాలకు చిల్లులు కుడుతోంది, వడ్లు ఆరబోయడానికి. నేను నిలబడ్డాను. ఆమె రెండు చిల్లులు కుట్టేసింది. ఏందిరా కాశీ, కొంగ లెక్క ఒంటికాలు మీద నిలబడ్డవ్, మీ అమ్మ చింతపండు తెమ్మన్నదా అంది. నేను బొమ్మ చూపించాను.

కాగితం దూరంగా పెట్టి చూసింది. దగ్గరగా పెట్టి చూసింది. నవ్వింది. నా కొట్టం తలుపుకు కట్టిన చీరపేలిక గూడ గీసినవా, సినిమాల వద్దురా, ఇజ్జత్ పోతది అంది. సినిమా అంటే ఏంటో, రెండు రోజులు ఎందుకు ఆగాలో నాలుగు ముక్కల్లో చెప్పాను. చెమట పట్టింది.

ఆమె సూది పట్టాకు గుచ్చి పొలం దిక్కు చూసింది. ఆమె భర్త శంకరయ్య పెద్దనాన్న పోయి మూడేళ్లు. ఆ రెండెకరాలు కౌలుకు చేస్తుంది. పంటలో సగం పొలం గలాయనకు పోతుంది. మిగిలిన సగంతోనే ఆమెకు ఏడాది గడవాలి. ఇంకేమీ లేదు.

పుట్టినకాంచి నోరు తెరిచి ఒక్కటి అడగలే నువ్వు అంది. మా ఇంట్ల అన్నం తింటుంటే గూడ రెండోసారి పెట్టమనలే. ఇయ్యాల అడిగినవ్. ఎట్ల కాదంటరా. రెండు రోజులే గదా, నాగేందర్‌గాణ్ని నేను సూస్కుంట, వానికి చిన్నప్పుడు ముక్కు తుడిచిన దాన్ని, నాకోసం మిషన్ మలపడా?

ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చాను. నేను ఒకటి అడిగాను. అవతలివాళ్లు సరే అన్నారు. పదిహేడేళ్లకు ఇదే మొదటిసారి.


అక్టోబర్ 21, మంగళవారం

మిషన్ వచ్చింది. ఆమె గట్టు మీద నిలబడి, నా మడి పచ్చిగుంది, తర్వాత సూద్దాం అంది. నాగేందర్ బావ కంకి తెంపి చేతిలో నలిపి చూపించాడు. ముట్టుకుంటె రాలుతుంది పెద్దమ్మా, దీన్ని పచ్చి అంటరా, కండ్లు డాక్టర్‌కు సూపించుకో పో అన్నాడు. పోరా పోరా, నాకు ఎవుసం నేర్పొచ్చినవా అంది.

నా పేరు చెప్పలేదు. నేను గోడ వెనకే ఉన్నాను.

మిషన్ పక్కన కోసేసిన మడిలోంచి కింది మడిలోకి దిగిపోయింది.


అక్టోబర్ 22, బుధవారం, సాయంత్రం 6

సుమంత్ అన్న మెసేజ్. ఆర్టిస్ట్, రేపు కాన్సిల్. నిహారికకు ఎగ్జామ్ ఉందట. 26 ఫిక్స్.

నిహారిక అంటే పరుగెత్తే అమ్మాయి. మిర్యాలగూడలో డిగ్రీ చదువుతుంది.

పెద్దమ్మకు చెప్పడానికి అరగంట పట్టింది. ఆడపిల్ల పరీక్ష గదా, మంచిగ రాయనియ్యి అంది.


అక్టోబర్ 25, శనివారం

26 కూడా కాదు. 29.

ఈసారి డ్రోన్. యోగేష్ అన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఏం చేస్తాం తమ్ముడూ, కోదాడలో మా మేనమామ కూతురు హాఫ్ శారీ ఫంక్షన్, డ్రోన్ ఎగరెయ్యకపోతే మా వాళ్లు నన్ను ఎగరేస్తారు అని. వెనక బ్యాండ్ వినిపిస్తోంది.

నేను సుమంత్ అన్నకు టైప్ చేశాను. అన్నా, పెద్దమ్మ వంతు పోయింది, ఇంకా ఆగడం కష్టం. చదువుకున్నాను. తుడిపేశాను. మళ్లీ టైప్ చేశాను. మళ్లీ తుడిపేశాను. అవతల ఆయనకు టైపింగ్ అని కనిపిస్తుంటుంది. ఏమైందిరా అని అడిగాడు.

ఓకే అన్న అని పంపాను.


అక్టోబర్ 26, ఆదివారం

చుట్టూ అందరివీ కోసేశారు. గోధుమరంగు మోళ్లు. మధ్యలో ఆమె ఒక్కదానిదే నిలబడి ఉంది, పండి పసుపుగా. వేరే పొలం చూద్దామా అని అడుగుదామని ధైర్యం చేసి ఫొటో తీసి సుమంత్ అన్నకు పంపాను. ఫొటో చూస్తే ఆయనకే అర్థమవుతుంది అనుకున్నాను.

నిప్పు ఎమోజీలు ఆరు వచ్చాయి. వారెవ్వా, సుట్టూ ఖాళీ, నడుమ బంగారం, నీ బొమ్మ కంటే మంచిగైంది, దేవుడే మనకు ఆర్ట్ డైరెక్షన్ చేస్తుండు, ఎవ్వర్ని ముట్టనియ్యకు అని పెట్టాడు.

అన్నం తింటూ అమ్మ మొదలుపెట్టింది. జానకమ్మకు ఏం మాయరోగమొచ్చింది, పండిన వరిని నిలబెట్టి ముద్దు సూస్తుంది, వాయుగుండం వస్తదని టీవీల చెప్పవట్టిరి, దానికి సోయి లేదు అంది. నన్ను చూసి, నువ్వేంది తింటలేవు అంది.

సాయంత్రం పెద్దమ్మ నాగేందర్ బావ ఇంటికి పోయింది. మిషన్ మలపమని. చివరి మళ్ల దగ్గరుంది పెద్దమ్మా, అక్కడోళ్లు నన్ను కొడ్తరు, శుక్రవారం దాక నా చేతిల ఏం లేదు అన్నాడట. ఎవడు ఆపుమన్నడు నిన్ను, చెప్పు, ఆని సంగతి నేను సూస్త అన్నాడట.

ఎవరూ అనలేదు అని చెప్పిందట.


అక్టోబర్ 27, సోమవారం

ఫోన్‌లో కాదు, ఎదురుగా చెప్పాలని బస్సెక్కాను. హుజూర్‌నగర్‌లో మారి సూర్యాపేట దాకా ఒకటే వాక్యం నోట్లో తిప్పుకున్నాను. అన్నా, రేపు వానొస్తే పెద్దమ్మ మునుగుతది, ఆమెను కోసుకోనిద్దాం. చిన్న వాక్యమే. అయినా నోరు నా మాట వినదని నాకు తెలుసు. అందుకే బస్సులో కాగితం మోకాలి మీద పెట్టుకుని గీశాను. అదే పొలం. నల్ల మబ్బు. వరి మొత్తం పడిపోయి ఉంది. మధ్యలో పెద్దమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. చూడనిది గీయడం నాకు అదే మొదలు. 

స్టూడియోలో ఎవరో పెద్దమనుషులు ఉన్నారు, పెళ్లి మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు. సుమంత్ అన్న నన్ను భుజం మీద చెయ్యేసి గోడ దగ్గరికి లాక్కెళ్లాడు. ఇగో మావోడే గీసింది, నోట్ల నాలుక లేదు గని చేతుల సరస్వతి ఉంది అన్నాడు. వాళ్లు మెచ్చుకున్నారు. ఒకాయన మా మనవరాలి బొమ్మ గీస్తవా అన్నాడు. చాయ్ తెప్పించారు. నేను తాగాను. వాక్యం చాయ్‌తో పాటు లోపలికి పోయింది.

కాగితం ఇచ్చాను.

చూశాడు. నిజంగా శ్రద్ధగా చూశాడు. తల ఒక పక్కకు వంచి. ఓ, వాన ఎఫెక్టా? మస్తుందిరా, మూడ్ వచ్చింది. గని మన కథ హ్యాపీ ఎండింగ్, ఇది సెట్ కాదు, పైంగ వానకు ట్యాంకర్ కావాలె, కెమెరా తడిస్తే ఇంకో లొల్లి. వేరే సినిమాకు వాడుకుందాం, దాచిపెట్టు అన్నాడు.

మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

నేను చెప్పాల్సింది. అది సీన్ కాదన్నా అని మూడు మాటలు. ఆయన మంచోడు. చెప్తే వింటాడు. అది నాకు తెలుసు. పెద్దమనుషులు ఆల్బమ్ తిప్పుతున్నారు. ఫ్యాన్ తిరుగుతోంది. ఆయన ఇంకేమన్న ఉందా అన్నాడు కూడా.

ఏం లేదన్నా అన్నాను.


అక్టోబర్ 28, మంగళవారం, ఉదయం 6

పెద్దమ్మ కొడవలి పట్టుకుని ఒక్కతే పొలంలోకి దిగింది. తిట్టుకుంటూ అమ్మ కూడా పోయింది. నేనూ పోయాను. రెండెకరాలు, మూడు కొడవళ్లు. కూలోళ్లు దొరకలేదు. చేతికోత ఇప్పుడు ఎవరు చేస్తారు.

ఉదయం 11

తూర్పు మూల కొంచెం కోశాం, మా ఇంటి వాకిలంత. నా వేలు తెగింది. నిజం రాసుకోవాలి కదా, ఇది నా నంబరే కదా. కోస్తుంటే ఒకసారి అనిపించింది, ఈ మూల కోసేస్తే ఫ్రేమ్ కుడి పక్క ఖాళీగా కనిపిస్తుంది అని. అట్లా అనిపించినందుకు కొడవలి పడేసి దూరం పోయి కూర్చున్నాను. వేలు తెగినందుకు అనుకున్నారు వాళ్లు.

గాలి మొదలైంది.

మధ్యాహ్నం 3

వాన.

సాయంత్రం 5

వాన. పెద్దమ్మ మా ఇంట్లోనే ఉంది. అమ్మ చాయ్ ఇస్తే పట్టుకుని కూర్చుంది. వెనక కిటికీ దిక్కు వీపు పెట్టి కూర్చుంది.


అక్టోబర్ 29, బుధవారం

షూటింగ్ రోజు. వాన. సుమంత్ అన్న నుంచి ఏడుపు ఎమోజీ ఒకటి.


అక్టోబర్ 31, శుక్రవారం

నిన్న కూడా పడింది. ఇవ్వాళ తెరిపిచ్చింది.

వరి మొత్తం ఒకే దిక్కుకు పడుకుంది, తల దువ్వినట్టు. కింద నీళ్లు. కంకులు నీళ్లలో ఉన్నాయి. వంగి చూస్తే గింజల చివర తెల్లగా దారంలాంటిది వస్తోంది. మొలకలు.

నాగేందర్ బావ మిషన్ మలుపుకుని వచ్చాడు, మాట ప్రకారం శుక్రవారం. గట్టు మీదే ఆపేశాడు. టైర్ల మిషన్ బురదల దిగబడ్తది పెద్దమ్మా, చైన్ మిషన్ రావాలె, అది వచ్చినా పడ్డ వరిని సగమే ఎత్తుతది అన్నాడు. ఈసారి వెక్కిరించలేదు. చెప్పులు విప్పి ఆమె పక్కన నిలబడి, తర్వాత వెళ్లిపోయాడు.

ఆమె మోకాళ్ల దాకా చీర ఎగజెక్కి, పడ్డ వరిని గుప్పెడు గుప్పెడు లేపి ముడేసి నిలబెడుతోంది. ముందు లేపినవి వెనక పడిపోతున్నాయి. నేను పోయి పక్కన లేపాను. చెప్పాలనుకున్నాను. పెద్దమ్మా, నా వల్లనే, నేను ఆయనకు చెప్పలేకపోయాను అని.

నేను అనేలోపు ఆమే అంది. మీ సినిమా ఏమాయెరా? నా వరి పడ్డందుకు మీది గూడ ఆగమాయె. ఆ అన్న నిన్ను ఏమన్న అన్నడా?


నవంబర్ 1

ఏమీ లేదు రాయడానికి. మొలకలు వేలిగోరంత అయ్యాయి.


నవంబర్ 2, ఆదివారం

సుమంత్ అన్న, యోగేష్ అన్న బండి మీద వచ్చారు. వేరే పొలం వెతకడానికి. ఇది ఎట్లుందో చూసిపోదామని ముందు ఇక్కడికే వచ్చారు.

గట్టు ఎక్కగానే సుమంత్ అన్న నిలబడిపోయాడు. అందరివి కోసిండ్రు గదా, వానొస్తదని తెలిసినంక గూడ ఈమె ఎందుకు కొయ్యలే అన్నాడు. అప్పుడే అటు వచ్చిన అమ్మ, ఏమో సారూ, పచ్చిగుందని మొండికేసింది, మిషన్ వంతు పోగొట్టుకుంది, సుట్టూ తిరిగినా కొయ్యనియ్యలే అంది. సుమంత్ అన్న మెల్లగా నా దిక్కు తిరిగాడు.

అమ్మ పోయాక అడిగాడు. మనకోసం వంతు గూడ వదులుకుందార? వంతు పోతదని నీకు ముందే ఎరికేనా? మరి నాకెందుకు చెప్పలేరా? నువ్వు సూర్యాపేట దాక వచ్చినవ్ గదరా, చాయ్ తాగి పోయినవ్ గదరా!

బొమ్మ ఇచ్చిన అన్నాను.

ఆయన నెత్తి కొట్టుకున్నాడు. గట్టు మీద కూలబడ్డాడు. కొంగలు దిగాయి పొలంలోకి.

తర్వాత సుమంత్ అన్న లేచాడు. గట్టు మీద అటు నడిచాడు, ఇటు నడిచాడు. వచ్చేటప్పుడు రెండు చేతుల వేళ్లు కలిపి గడిలాగా పెట్టుకుని, అందులోంచి చూస్తూ వచ్చాడు. దూరంగా పెద్దమ్మ గుప్పెళ్లు లేపుతోంది.

కథ మారుద్దాం అన్నాడు. అమ్మాయి ఉద్యోగమొచ్చిందని ఉరుకొస్తది. వచ్చేసరికి పొలం గిట్లుంటది. నాయిన పాత్ర వద్దు, తల్లి. యాక్టర్ వద్దు, పెద్దమ్మనే. ఆమె ఏం చెయ్యద్దు, గట్ల కూసుంటె సాలు.

ఒరేయ్ పాపంరా, ఆవిడ్ని వదిలెయ్యి, ఇప్పుడు కెమెరా పెడితే మనల్ని మనుషులంటారా అన్నాడు యోగేష్ అన్న. ఊకె పోతె అంటరా మనుషులని? ఇట్లన్న తీస్తె నలుగురు సూస్తరు, ఆమె గోస తెలుస్తది, ఎవడన్న ఏదన్న చేస్తడు, నేను గిదొక్కటే చెయ్యగలిగేది అన్నాడు సుమంత్ అన్న. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. అబద్ధం కాదు. వేళ్లు మాత్రం ఇంకా గడిలాగే ఉన్నాయి.

ఇద్దరిలో ఎవరు కరెక్టో నాకు తెలియలేదు.

నేనడిగితె తిడ్తది అన్నాడు. నువ్వడుగు కాశీ. నువ్వడిగితె కాదనది. మంగళవారం తీద్దాం, నిహారికకు చెప్పిన. ఎనిమిది కొత్త ఫ్రేములు గియ్యి.

నేను తలూపాను. నా తల ఎప్పుడూ అంతే.


నవంబర్ 3, సోమవారం

గీశాను. దూరం నుంచి ఆమెను చూస్తూ గీశాను. వీపు, ముడేసిన గుప్పెళ్లు, బురద కాళ్లు. మొహం గీయలేదు, ఆమె ఇటు తిరగలేదు.

ఎనిమిదీ బాగా వచ్చాయి. నేను ఇప్పటిదాకా గీసినవాటిలో ఇవే బాగున్నాయి. ఆ సంగతి తెలుస్తూనే ఉంది. కాగితాలు కాసేపు బోర్లా తిప్పి పెట్టాను.

ఫొటోలు తీసి పంపాను. వెంటనే చూశాడు. ఎమోజీ ఏమీ పెట్టలేదు. అడిగినవా అని మాత్రం పెట్టాడు.


నవంబర్ 4, మంగళవారం, ఉదయం 8.10

ఇంకా అడగలేదు. ఆమె వాకిట్లో నిలబడ్డాను. సుమంత్ అన్న వాళ్లు హుజూర్‌నగర్ దాటారట. పెద్దమ్మ చేత్తో దులిపిన మొలకవడ్లు పట్టా మీద పరిచి నెరుపుతోంది. తలెత్తి నన్ను చూసి, ఏంది బిడ్డా, ఇంకేమన్న గావాల్నా అంది. ఇంకా నా మొహమే చూస్తోంది, నేను ఫోన్‌లో ఇది కొడుతుంటే. నా నంబరువే కదా, ఏమనాలో నువ్వన్నా చెప్పవా?